ఆదివారం స్నానాలు

గోమారిని లాగేటప్పుడు దాని తల కుక్క ఒంట్లో ఉండిపోకూడదు. ఉండిపోతే అక్కడ చీము పడుతుంది. అందుకని బొచ్చు విడదీసి, రెండు గోళ్ళూ చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. నిండా రక్తం తాగినదైతే ఆముదం గింజంత ఉంటుంది, బూడిద రంగులో, వేళ్ళ మధ్య మెత్తగా. కాస్త గట్టిగా పడితే పగిలి గోళ్ళ సందుల్లోకి వస్తుంది. మొదటిసారి అలా పగిలినప్పుడు పెరట్లోనే కక్కుకున్నాను. తరవాత మూడేళ్ళపాటు ప్రతి ఆదివారమూ తీశాను. కక్కుకోవడం మాత్రం మానేశాను.

బ్రూనో మా ఆయన కుక్క. ఆయన పేరు త్రినాథరావు, భిలాయి స్టీల్ ప్లాంటులో ఛార్జ్‌మన్. సెక్టర్ 2 క్వార్టర్లో ఉండేవాళ్ళం. తొంభై రెండులో వాళ్ళ సాహెబుకి బొకారో బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ ఎనిమిది నెలల ఆల్సేషియన్‌ని ఈయన చేతిలో పెట్టాడు. స్కూటరు ముందు నిలబెట్టుకుని, పెళ్ళికొడుకుని తెచ్చినట్టు తెచ్చారు.

"దీని పని నాది సూర్యా. నువ్వు ముట్టుకోనక్కర్నేదు" అన్నారు.

రెండు ఆదివారాలు ఆయనే కడిగారు. మూడో ఆదివారం నైట్ షిఫ్ట్ దిగొచ్చానన్నారు. నాలుగో ఆదివారం గొలుసు నా చేతికిచ్చి పేపరు తీసుకున్నారు.

కుక్కకి స్నానమంటే నీళ్ళు పోయడమే అనుకుంటారు చూసేవాళ్ళు. పొద్దున్నే కుళాయి వస్తుండగానే బకెట్లు నింపుకోవాలి. ముందు పొడి బొచ్చు ఇనప దువ్వెనతో దువ్వాలి. ఆ ఊళ్ళో ప్లాంటు దుమ్ము ఆరేసిన బట్టలనే ఎర్రగా చేస్తుంది, ఇక కుక్క బొచ్చుని వదులుతుందా. దువ్విన కొద్దీ ఎర్ర పొడి రాలి నా ముక్కుల్లోకి పోయేది. తరవాత చెవుల్లో దూది పెట్టి తిప్పితే నల్లటి జిగురు, కుళ్ళిన బెల్లం వాసన. తోక కింద అంటుకుని ఎండిపోయినదాన్ని వేణ్ణీళ్ళతో నానబెట్టి వదిలించాలి. సబ్బు పెట్టాక అది ఒళ్ళు దులిపితే ఆ మురికంతా నా మొహాన పడేది. అంతా అయ్యాక తూములో అడ్డం పడ్డ తడి బొచ్చు చేతులతో లాగాలి. అది ముద్దగా, చచ్చిన ఎలకలా పైకి వచ్చేది. ఆ పాపం జంతువుది కాదు. అది ఒళ్ళు అప్పగించి నిలబడేది, నొప్పి పుడితే నా మోచెయ్యి నాకేది. కానీ దాని మీద జాలి వేరు, నా ముక్కుకి తగిలే కంపు వేరు.

అప్పట్లో నేను దగ్గర్లోని ఒక నర్సరీ బడిలో పొద్దుటిపూట చెప్పేదాన్ని. ఒక సోమవారం స్టాఫ్ రూములో పక్కన కూర్చున్న టీచరు తన కుర్చీని కొంచెం జరుపుకుంది. బడి పెద్దమ్మగారు పిల్లల ముందే నా చీర కుచ్చిళ్ళ మీంచి ఒక వెంట్రుక రెండు వేళ్ళతో తీసి, "సూర్యావతీజీ, ఆప్‌కే ఘర్ మే కుత్తా హై క్యా?" అని అడిగింది. ఇంట్లో కుక్క ఉందన్నాను. "అచ్ఛా" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా పిల్లల్ని దగ్గరికి తీసుకోలేదు.

ఇంటికొచ్చి, బొబ్బిలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా అత్తగారు తులసమ్మగారితో ఇక ఆ పని నా వల్ల కాదన్నాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు.

"ఆడదానికి అసయ్యమేటే? పిల్లల ఉచ్చా పియ్యా ఎత్తిన సేతులు కావేటి నీవి? ఆడు మగోడు, ఆడెలా సేత్తాడు?"

ఆ ఆదివారం మళ్ళీ నేనే గొలుసు పట్టుకున్నాను.

అన్నిటికంటే నాకు తేడాగా తోచింది ఆయన తలంటు. మగవాళ్ళ తలంటు శనివారమని మా వైపు ఆనవాయితీ. ఆయనకి సెలవు ఆదివారం గనక ఆ రోజుకి మారింది. కుక్క పని అవగానే పీట మీద నూనె రాసుకుని సిద్ధంగా ఉండేవారు. నేను వెళ్ళి ఒళ్ళు రుద్దాలి. వెళ్ళేముందు పరీక్ష.

"చెయ్యి చూపించు. డెటాల్‌తో కడిగావా? మళ్ళీ కడుక్కునిరా. ఆ కుక్కకంపు నాకంటుతాది."

వాసన చూడటానికి నా చేతిని ముక్కు దాకా తెచ్చుకునేవారు కాదు, నన్నే చూసుకోమనేవారు. నేను నా చేతులు వాసన చూసుకుని, లేదండీ అని చెప్పేదాన్ని. ఒకే రోజు ఇద్దరికి నీళ్ళు పోసేదాన్ని, ఆ ఇద్దరిలో నా వాసనకి మొహం తిప్పుకున్నది కుక్క కాదు.

తొంభై ఐదు జనవరిలో టౌన్‌షిప్ క్లబ్బువాళ్ళు కుక్కల పోటీ పెట్టారు. ముందు రెండు రోజులు నేను బడికి సెలవు పెట్టాను. ఆ రెండు రోజులూ బ్రూనోని కడిగాను, గోళ్ళు కత్తిరించాను, పళ్ళు తోమాను, బొచ్చు మెరవడానికి కొబ్బరినూనె చేతికి రాసుకుని పైపైన అద్దాను. పోటీలో ఆయన కొత్త స్వెటర్ వేసుకుని దాన్ని నడిపించారు. బొచ్చు శుభ్రానికి మొదటి కప్పు వచ్చింది. మైకు పట్టుకున్న క్లబ్బు సాహెబు, దీన్ని ఎవరు చూసుకుంటారని అడిగాడు.

"మై ఖుద్, సర్. సండే పూరా ఇసీ కా హై. ఘర్ మే కిసీ కో హాథ్ నహీ లగానే దేతా" అన్నారు మా ఆయన. అంటే అన్నీ తనే చేస్తారట. ఇంట్లో ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరట.

అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి మేఘనకి అప్పుడు ఎనిమిదేళ్ళు. దానికి తెలుగు కంటే హిందీయే ముందు వచ్చేది. లేచి నిలబడి గట్టిగా, "పర్ నహలాతీ తో మమ్మీ హై" అంది, కడిగేది మమ్మీయే కదా అని. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు.

నేను దాని నోరు మూసేశాను. డెటాల్ నీళ్ళకి పగిలిన ఈ చేత్తోనే. అది ఊపిరాడక నా వైపు చూసింది. చెయ్యి తీశాక పెదాలు తుడుచుకుంది. ఇంటికి నడిచివస్తున్నప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు. ఆయన పరువు పోకూడదని నా పిల్ల నిజం చెబితే నోరు నొక్కాను. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆడదానిగా మొదటి పాఠం చెప్పినదాన్ని నేనే. మూడేళ్ళ గోమార్లన్నీ ఒక్కసారి నా మీద పాకినట్టయింది.

తరవాతి ఆదివారం బ్రూనోని ఎప్పటిలాగే కడిగాను. మేఘన వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తోంది. నా చేతులు చూసుకున్నాను, వాసన వస్తోందని నాకే తెలుసు. మళ్ళీ కడుక్కోలేదు.

"రావేటి, నీళ్ళు చల్లారిపోతన్నాయి" అని స్నానాల గదిలోంచి పిలిచారు.

వెళ్ళాను. వీపు వంచుకుని పీట మీద ఉన్నారు. పక్కన గంగాళంలో నేను కాచిన నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. గిన్నెలో సున్నిపిండి కలుపుకున్నాను. వీపు మీద నూనెలో అంటుకున్న వెంట్రుకలు, చంక దగ్గర పులిపిరి. పదకొండేళ్ళుగా చూస్తున్నదే. ఆ రోజు అది రక్తం తాగి ఉబ్బిన గోమారిలా కనబడింది. నా వేళ్ళు వాటంతటవే దాని వైపు వెళ్ళి, అక్కడే ఆగిపోయాయి. మూడేళ్ళ కిందట మానేసిన వాంతి గొంతు దాకా వచ్చింది.

గిన్నె ఆయన పక్కన పెట్టాను.

"మీరే రుద్దుకోండి."

"ఏటయింది?"

"అసహ్యంగా ఉంది."

"కుక్కని కడిగినావు గదా, ఉంటాది. కాసేపు బయట కూకుని రా."

"కుక్క కాదండీ."

ఆయన వెనక్కి తిరిగి నా మొహం చూశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన మాత్రం మొట్టమొదటిసారి తన మోచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకున్నారు.

"లేవండి. నేను స్నానం చెయ్యాలి" అన్నాను. "వచ్చే ఆదివారం నుంచి బ్రూనోని మీరే కడుక్కోండి."

"మరి నాకు నీళ్ళు?"

"కుళాయి పది దాకా వస్తుంది."

తువ్వాలు చుట్టుకుని, నూనె కారుతూ పెరట్లోకి వెళ్ళారు. బయట అత్తగారు "ఏటిరా, ఏటయింది?" అని అడుగుతున్నారు. నేను గుమ్మంలోకి చూసి మేఘనని పిలిచాను. అది లేచి వచ్చింది.

"మొన్న క్లబ్బులో నువ్వు చెప్పింది నిజం. నేను నోరు ముయ్యడం తప్పు" అన్నాను.

అది నా చేతివైపు చూసి, "గందీ స్మెల్ హై" అంది, కంపు కొడుతోందని.

"అవును. పోగొట్టుకుంటాను" అని తలుపు వేసుకుని, ఆ వేణ్ణీళ్ళు ఒక చెంబు కూడా మిగల్చకుండా నేనే పోసుకున్నాను.