నిరుపమ ముగింపు ప్రార్థన

ఈ పరాయిదేశంలో, మనురేవాలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో బీదవాళ్లను వెతికిపెట్టే పని కమిటీ నాకు అప్పగించింది. నేను స్త్రీల సమాజం కార్యదర్శిని. బీదల మాట సంఘం వినాలని మా పాస్టర్ జశ్వంత్ గారికి ఏదో శిక్షణలో చెప్పారట. ఆయన వెంటనే ‘వినే ఆదివారం’ ప్రకటించేశారు. వినడానికి బీదవాళ్లు ఉండాలి కదా! ఎవరిని అడిగినా, “మాకంటే బీదలెవరాంటీ, మా హోమ్ లోన్ చూడండి” అన్నవాళ్లే. మా కార్యక్రమాలు నడిపే, రెండు కార్లున్న మహిధర్ కూడా అదే మాట. నాకు ఒళ్లు మండింది.

చివరికి రెండేళ్లుగా మా సంఘానికే వస్తున్న నిరుపమ దొరికింది. ఏదో మోటెల్లో పనిచేస్తుంది. ఈమధ్య పనిగంటలు తగ్గించారు. కూతురితో ఎవరి గరాజులోనో ఉంటోంది. నెలనెలా జరిగే ప్రేమవిందుకు ఇంటికో వంటకం తేవాలన్నది మా నియమం. పాపం, ఆమెకెందుకు కష్టమని ఆమె వచ్చిన కొత్తలోనే జాబితాలో ఆమె పేరు నేనే కొట్టేశాను. ఆ సంగతి నలుగురికీ చెప్పాను కూడా. మంచిపని చేసి చెప్పుకోకపోతే ఎలా?

ఆ ఆదివారం ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పాం. స్వాగతోపన్యాసం, రెండు పాటలు, వినడం గురించి పాస్టర్ గారి యాభై నిమిషాల ప్రసంగం అయ్యాక మహిధర్ ఆమె చేతికి మైకు ఇచ్చాడు.

“అందరికీ వందనాలండి. నాకు చాలా రోజుల్నుంచీ ఒక కోరిక...”

“హీటరా అమ్మా?” అన్నారు సంఘ పెద్ద వీరరాఘవయ్య గారు. “మా ఇంట్లో ఒకటి ఖాళీగా ఉంది. రేపే డ్రాప్ చేస్తా.”

“హీటర్ కాదండి...”

“దుప్పట్లు!” అన్నారు వెనకనుంచి ఎవరో. “బియ్యం!” అన్నారు ఇంకెవరో. నేను మాత్రం ఊరుకుంటానా? మా అమ్మాయి స్వెటర్లు ఆరున్నాయని లేచి మరీ చెప్పాను. హాలంతా వేలంపాట అయిపోయింది. నిరుపమ మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లూ మూసుకుంది. ఇంతలో అద్దె హాలు ఖాళీ చేయాల్సిన టైమైందని మహిధర్ చేతిగడియారం చూపించాడు.

“సిస్టర్ మనసు విప్పి మాట్లాడారు, దేవునికి స్తోత్రం. ముగింపు ప్రార్థన చేసుకుందాం” అన్నారు పాస్టర్ గారు.

నిరుపమ మైకు వదల్లేదు. “ప్రార్థన నేను చేస్తానండి” అంది.

ప్రార్థన చేస్తానంటే కాదనేదెవరు? అందరం కళ్లు మూసుకున్నాం. నేను కొంగు నెత్తిన కప్పుకున్నాను. మావాళ్లు ప్రసంగానికైనా అడ్డు తగులుతారు గానీ ప్రార్థనకు తగలరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

“ప్రభువా, ఇక్కడెవరూ వినలేదు, నువ్వైనా విను” అని మొదలుపెట్టింది.

“ఆమెన్” అన్నాం అలవాటుగా.

“రెండేళ్లుగా ప్రేమవిందులో తింటున్నాను తండ్రీ. ఒక్కసారి కూడా నన్ను వండనివ్వలేదు.”

“స్తోత్రం!”

“కిరణ్మయి ఆంటీ లిస్టులోంచి నా పేరు కొట్టేశారు తండ్రీ.”

అందరికంటే గట్టిగా “ఆమెన్” అన్నది నేనే. అనేశాక గుర్తొచ్చింది, ఆ కిరణ్మయిని నేనేనని.

“నిన్న మా పాప అడిగింది ప్రభువా. ‘అమ్మా, అందరూ ఫుడ్ తెస్తారు, మనం తినడానికే వెళ్తామా?’ అని. దానికేం చెప్పమంటావు? నాకు హీటర్ వద్దు. లిస్టులో నా పేరు రాయించు. లేకపోతే పాపను తీసుకుని ఇంక ఇక్కడికి రాలేను.”

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. తన ఆమెన్ తనే చెప్పుకుంది.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. జాబితా, పెన్ను పట్టుకుని ఆమె దగ్గరికి నడిచాను.

“రాస్తున్నానమ్మా. పెరుగు పచ్చడి లాంటి చిన్నదేదైనా వేస్తాను. అరవైమందికి వండాలంటే నీవల్ల...” అంటూ నాలుక కరుచుకున్నాను. “ఏం వండుతావు?” అని అడిగి, అతికష్టం మీద నోరు మూసుకున్నాను.

“సాంబారు రాయండాంటీ. ఏలూరులో హాస్టల్ వంట నాదే. రోజూ మూడొందల మందికి వండేదాన్ని.”

“ఈ మాట ఇన్నాళ్లూ చెప్పలేదేం?” అన్నాను.

“మీరెప్పుడు అడిగారాంటీ?” అంది నిరుపమ.