చప్పుడు లేని బండి

బండి కొనడమంటూ జరిగితే అవాంతే కారే కొనాలని యొన్‌హీ ఎప్పుడో తీర్మానించుకుంది. ఆ మాటకొస్తే సువన్ ఊళ్ళో ఎవరిని నిద్రలేపి అడిగినా మొదటి బండి పేరు అదే చెబుతారు. ఉద్యోగంలో చేరిన పిల్లా అదే కొంటుంది, కొత్తగా పెళ్ళయిన కుర్రాడూ అదే కొంటాడు. మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు. పక్కింటివాళ్ళు కుళ్ళుకోరు, చుట్టాలు చిన్నచూపు చూడరు. ఇక కొత్తదా, పాతదా అన్నదొక్కటే తేలాలి. అది తేల్చవలసిన మనిషి ఆమె మొగుడు సాంగ్‌బే. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

సాంగ్‌బే ముప్పై ఏళ్ళ పైచిలుకు టాక్సీ తోలాడు. కళ్ళకు నీటికాసులు వచ్చి చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. ఎదుట ఉన్నది కనబడుతుంది, పక్కనున్నది కనబడదు. కిందటి ఆకురాలు కాలంలో ఒకనాడు సందు మలుపులో సైకిలు మీద వస్తున్న పెద్దాయన, అద్దం పక్కకు వచ్చేదాకా కనబడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ సాయంత్రమే తనంతట తాను పోలీసు స్టేషనుకు వెళ్ళి లైసెన్సు ఇచ్చేసి వచ్చాడు. వాళ్ళు మర్యాదగా వంగి నమస్కారం పెట్టి, దానికి బదులు బస్సు కార్డొకటి చేతిలో పెట్టారు. ఆ కార్డు ఇంతవరకూ కవరులోంచి బయటికి రాలేదు. సాంగ్‌బే కూడా ఇంట్లోంచి బయటికి రాలేదు. పగలంతా సోఫాలో కూర్చుని కిటికీ కింద వెళ్ళే బండ్ల చప్పుడు వింటాడు. రాత్రంతా అదే సోఫాలో కళ్ళు తెరుచుకుని కూర్చుంటాడు.

"ఉన్న చూపు ఇంకొన్నేళ్ళు నిలుస్తుందమ్మా. ఈలోగా నాలుగు చోట్లకీ తిప్పండి. ఇలా గోడకేసి కూర్చుంటే కళ్ళకంటే ముందు మనిషి పోతాడు" అన్నాడు డాక్టరు. ఆ మాటతో యొన్‌హీ నిశ్చయించుకుంది. బండి కొనాలి, తనే తోలాలి, ఈ మొండి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలి. అంతకు మించి ఆమెకు వేరే కోరికంటూ లేదు.

తోలడమంటే మాటలా! ఆమెది బీరువా లైసెన్సు. పెద్దమ్మాయి సెరిన్ పుట్టకముందు పరీక్ష పాసై, శీతాకాలపు కోట్ల కింద దాచిపెట్టింది. ఇంట్లో అంతటి డ్రైవరు ఉండగా తనకు స్టీరింగుతో పనేముంది? అందుకని ఈ చలికాలం చెల్లెలింటికి కిమ్చీ పచ్చడి పెట్టడానికి వెళ్తున్నానని మొగుడికి చెప్పి, తోలడం నేర్పే ఒకావిడ దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకుంది. ఆవిడ ఎడమకు తిరగమంటే యొన్‌హీ వైపరు వేసేది. మొత్తానికి నేర్చింది.

ఇక మొగుడి సంగతి. "బండి చూడాలండీ, మీరు లేకుండా నన్నెవరైనా ముంచేస్తారు" అనగానే సాంగ్‌బే సోఫాలోంచి లేచాడు. లేచాడన్న సంతోషంలో, అసలు తోలేది ఎవరన్న మాట ఆమె ఎత్తలేదు. ఆయనా అడగలేదు.

"పాతదే కొనాలి. కొత్తది నీ... కొత్తదైతే షోరూం గేటు దాటగానే పాతదే" అన్నాడు టోపీ పెట్టుకుంటూ. ఆ మధ్యలో మింగేసిన ముక్క ఏమిటో యొన్‌హీకి తెలుసు. కొత్తది నీ చేతికిస్తే గీతలు పడతాయని. సరే, మింగేశాడు కదా అని ఊరుకుంది.

పాత బండ్ల అంగట్లో అయిదంతస్తుల నిండా బండ్లే. చా అనే కుర్రాడు మొనదేలిన బూట్లతో ఎదురొచ్చి, "రండి షావుకారు గారూ!" అన్నాడు. మగవాడై, తల నెరిసి, కోటు తొడుక్కుంటే చాలు, అక్కడ అందరూ షావుకార్లే. పక్కన నిలబడ్డ యొన్‌హీని అతగాడు చూడనైనా చూడలేదు.

"ఈ తెల్లది చూడండి. ఒకే ఓనరు, ఆడమనిషి. ఆఫీసుకీ ఇంటికీ తప్ప తిప్పలేదు."

"మీ అంగట్లో ఉన్నవన్నీ ఆడవాళ్ళు ఆఫీసుకీ ఇంటికీ తిప్పినవేనయ్యా. మరి ఇన్నేళ్ళూ నా టాక్సీకి అడ్డం పడ్డవి ఎవరి బండ్లంటావు?" అన్నాడు సాంగ్‌బే.

యొన్‌హీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన నోట వేళాకోళం విని ఎన్నాళ్ళయిందో! సాంగ్‌బే సీటు బెల్టును చివరంటా లాగి, అడుగున ఉన్న పట్టీని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాన నీళ్ళు తాగిన బండి. బెల్టు మొదట్లో మట్టి చూడు" అన్నాడు. రెండోదాని తలుపు రబ్బరు ఒలిచి, వేళ్ళతో బోల్టులు తడిమి, "దీనికి తలుపు మార్చారు" అన్నాడు. మూడోది లేతనీలం రంగు. దాని బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నాడు. డిక్కీ తెరిస్తే మూలన తెల్లదారం చుట్టిన ఎండు చేప కనబడింది. కొన్న రోజున బండికి పూజ చేసి, దారి పొడుగునా చల్లగా చూడమని ఎవరో పెట్టుకున్నది. పాపం, అమ్మేటప్పుడు తీయడానికి మనసొప్పలేదు కాబోలు.

"ఈ బండిని బాగా చూసుకున్నారు. ఎక్కడా వంక లేదు" అన్నాడు సాంగ్‌బే మెత్తగా.

యొన్‌హీ ప్రాణం లేచొచ్చింది. చా అయితే వెంటనే తాళం తీసి రెండు చేతులతో ఆయనకు అందించాడు. "ఎక్కండి షావుకారు గారూ, లోపల ఒక చుట్టు తోలి చూడండి. పట్టుకుంటే మీకే తెలుస్తుంది."

సాంగ్‌బే తాళం అందుకున్నాడు. అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తలుపు దగ్గరికి వెళ్ళాడు, చెయ్యి వేశాడు, వేసిన చెయ్యి తీసేశాడు.

"వద్దు. రంగు బాగాలేదు" అన్నాడు.

రంగట! బతుకంతా బూడిద రంగు టాక్సీ తోలి, పెళ్ళాం ఏ రంగు కోటు వేసుకుందో ఏనాడూ గమనించని మనిషికి రంగు నచ్చలేదట! తిరిగొచ్చే బస్సులో యొన్‌హీ ఒంటికాలి మీద లేచింది. "వంక లేదన్నది మీరేగా! వంక లేకపోవడమే వంకా?" అంది. సాంగ్‌బే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "పోనీ కొత్తది చూద్దాం. రేపే" అంది ఆమె. ఊఁ అన్నాడు. అంతే.

మర్నాడు షోరూంలో కూ బొరా అనే అమ్మాయి ఎదురొచ్చింది. కొత్త అవాంతేలు వరసగా నిలబడి ఉన్నాయి. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు తీయలేదు, తలుపుల అంచుకు గీతలు పడకుండా అంటించిన నీలం స్పాంజి ముక్కలు అలాగే ఉన్నాయి. ఆ ముక్కలు ఊడబెరకని బండి ఎక్కాలని యొన్‌హీకి ఎన్నాళ్ళుగానో చిన్న ఆశ. సీటు మీద చెయ్యి వేసి ప్లాస్టిక్‌ను ఒకసారి కరకరలాడించింది. హాయిగా ఉంది.

బొరా వాళ్ళను బయట ఆవరణలోకి తీసుకెళ్ళింది. అప్పుడే ఇంకెవరినో తిప్పుకొచ్చిన బండి అక్కడుంది. సగం పెట్రోలుకు, సగం కరెంటుకు నడిచే రకం. సాంగ్‌బే అలవాటుగా బానెట్ మీద చెయ్యి ఆనించి, చెవి వంచాడు.

"స్టార్ట్ చెయ్యమ్మా. వింటాను."

"చేశానండీ" అంది బొరా లోపల్నుంచి.

"చేశావా? ఏదీ? ఇంకోసారి తిప్పు."

"అయిపోయిందండీ, స్టార్టయి ఉంది."

"అయ్యో, దీనికి బ్యాటరీ చచ్చిందమ్మా! కొత్త బండికి ఇదేం ఖర్మ? కేబుల్ ఉంటే పట్రా, నేను పెడతాను. కంగారు పడకు, చలికాలం ఇది మామూలే" అంటూ కోటు చేతులు పైకి లాక్కుని, బానెట్ పట్టు కోసం వెతకసాగాడు సాంగ్‌బే. బొరా చెబుతూనే ఉంది, ఆయన వినిపించుకోవడం లేదు. చివరికి, "కొంచెం పక్కకు జరగండి షావుకారు గారూ" అని బతిమాలుకుని, ఆ అమ్మాయి బండిని వెనక్కి జరిపింది. బండి చడీచప్పుడు లేకుండా, పిల్లి నడిచినట్టు జరిగిపోయింది. అవతల బండ్లు చూస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు పక్కున నవ్వారు. ఎగతాళికి కాదు, పాపం, ఆపుకోలేక.

సాంగ్‌బే కోటు చేతులు కిందికి దింపుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా నడుచుకుంటూ వెళ్ళి బస్టాపు బల్ల మీద కూర్చున్నాడు.

యొన్‌హీ కాసేపు ఆగి వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయన మఫ్లరు సరిచేసింది.

"ఆ బండి గురించి నేనేం చెప్పలేను. నాకు వినబడలేదు" అన్నాడు సాంగ్‌బే. "కళ్ళు పోతున్నాయి, పోనీలే, చెవులున్నాయి కదా అనుకున్నాను. వాటితోనూ పనిలేకుండా చేశారు."

"నిన్నటి నీలం బండి వినబడిందిగా?"

"వినబడింది. చాలా మంచి బండి."

"మరి?"

"బాగుందంటే నువ్వు కొంటావు. కొంటే నేను పక్క సీట్లో కూర్చోవాలి. ఇంతే సెరిన్ వాళ్ళ అమ్మా, దీంట్లో రంగూ లేదు, ఏమీ లేదు." చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకుని వాటికేసి చూశాడు. "నిన్న ఆ కుర్రాడు తాళం చేతిలో పెట్టి తోలమన్నాడు చూడు, తోలలేనని ఎలా చెప్పను? ఆ ముక్క నోట్లోంచి రాలేదు."

యొన్‌హీకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమెకెప్పుడూ రెండూ కలిసే వస్తాయి. "మీరు తోలలేరని నాకు తెలియదా? తెలిసే కదా ఇన్నాళ్ళూ నేను..."

"కిమ్చీ పెట్టావు. తెలుసులే. ఈ చలికాలం నువ్వు పెట్టిన కిమ్చీకి ఊరంతా భోజనం పెట్టొచ్చు. ఇంటికి మాత్రం ఒక్క జాడీ వచ్చింది."

"తెలిసీ ఊరుకున్నారా!"

"ఏమని అడగను? వచ్చినప్పుడల్లా భుజాలు పట్టేసినట్టు పిసుక్కునేదానివి. స్టీరింగును అంత గట్టిగా పట్టుకోకూడదు. చెప్పాలనుకున్నాను, చెప్పలేదు."

"అయితే ఇప్పుడొచ్చి చెప్పండి" అని లేచింది యొన్‌హీ. "నేను ఆ చచ్చిన బ్యాటరీ బండినే తోలబోతున్నాను. మీరు రాకపోతే ఆ షోరూం పిల్ల ప్రాణాలకు మీదే పూచీ."

"బ్రేకెప్పుడు వెయ్యాలో నీకెవరు చెప్తారు?" అంటూ సాంగ్‌బే వెనకాలే లేచాడు.

బొరా తాళాన్ని మళ్ళీ ఆయనకే ఇవ్వబోయింది. సాంగ్‌బే చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, "నాకు కాదమ్మా. తోలేది ఈవిడ" అన్నాడు. పైకి మామూలుగానే అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. బొరా చటుక్కున వెనక తలుపు తీసుకుని తనే వెనక కూర్చుంది. బుద్ధిమంతురాలు.

జలాశయం పక్క రోడ్డు ఎక్కేదాకా ఆ బండిలో జరిగింది చెబితే ఒక పెద్ద రభస. "లైటు! లైటు చూడు! పచ్చగా ఉంది కానీ పోతుంది!" "పచ్చగా ఉంటే పోనివ్వాలా, ఆపాలా? ఏదో ఒకటి చెప్పండి!" "అద్దం చూడవేం?" "మీరు అడ్డం ఉన్నారు!" "స్టీరింగును అలా పిసక్కు, పారిపోదది!" అంటూ సాంగ్‌బే తన వైపు నేలను కుడికాలితో ధనధనా తొక్కుతూనే ఉన్నాడు. వెనక బొరా రెండు చేతులతో సీటు బెల్టు పట్టుకుని, పైకి నవ్వుతూ, లోలోపల ఏ దేవుణ్ణి తలుచుకుందో ఏమో.

జలాశయం రోడ్డు ఖాళీగా ఉంది. నీళ్ళ మీద అంచుల వెంట మంచు పేరుకుంది. బొరా చెప్పిన మీట నొక్కితే సీట్లు వెచ్చబడ్డాయి. యొన్‌హీ భుజాలు వదులు చేసుకుంది. బండి గొణగదు, గురగురమనదు, వినడానికి లోపల ఏమీ లేదు. ఒక మలుపు తిరిగింది. బ్రేకు అన్న మాట రాలేదు. ఇంకో మలుపు తిరిగింది. అప్పుడూ రాలేదు.

కోపమొచ్చిందేమో అనుకుంది. ముక్కు మీదే ఉంటుంది ఆయనకు. "ఏమండీ, ఇందాక అడ్డం ఉన్నారన్నందుకు కోపమా? పోనీ తిట్టండి" అంది. ఎదర జనం రోడ్డు దాటే గీతల దగ్గర ఆగినప్పుడు తిరిగి చూసింది.

సాంగ్‌బే తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరిచి, టోపీ ఒక పక్కకు ఒరిగి, మంచి నిద్ర.

ఇంకొకరు తోలే బండిలో ఈ మనిషి జన్మలో కన్ను మూయలేదు. సెరిన్ పెళ్ళికి బస్సులో బుసాన్ దాకా డ్రైవరు వెనకాలే కూర్చుని, దారంతా బ్రేకులు తొక్కుతూ వెళ్ళిన ఘనుడు. లైసెన్సు ఇచ్చి వచ్చాక ఇంట్లోనే నిద్ర లేదు. యొన్‌హీకి కళ్ళు మసకబారాయి. ఇద్దరికీ కనబడకపోతే ఎలా అని తనను తానే కసురుకుని, మోచేత్తో తుడుచుకుంది.

వెనక నుంచి బొరా ముందుకు వంగి, "అమ్మగారూ, బండి ఎలా ఉందంటారు?" అని అడిగింది.

"మెల్లగా మాట్లాడమ్మా" అంది యొన్‌హీ.

తిరిగొచ్చేసరికి షోరూం ఆవరణ ముందు ఆ బండి తోలి చూడాల్సిన తరవాతివాళ్ళు ఎదురుచూస్తున్నారు. బొరా గేటు వైపు చూసింది, సాంగ్‌బే వైపు చూసింది. ఫోను తీసి, కాస్త ఆలస్యమవుతుందని గుసగుసగా ఎవరికో చెప్పి, వేలితో ముందుకు చూపించింది. యొన్‌హీ గేటు దాటి పోనిచ్చింది.

అక్కడ రోడ్డు గతుకుకు సాంగ్‌బే కదిలాడు. కళ్ళు తెరవకుండానే, ఇన్నేళ్ళూ వెనక సీట్లోంచి ఎందరో తనను అడిగిన మాట అడిగాడు.

"వచ్చేశామా?"

"లేదండీ, ఇంకా దూరముంది" అంది యొన్‌హీ. "పడుకోండి, నేను లేపుతాను."