మాటలు లేని అమ్మ

లాండ్రీలో ఆమెను రేడియో అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళకు మనిషిని అంచనా వేయడం బాగా తెలుసు. పెద్ద హోటళ్ళ దుప్పట్లు ఉతికి పంపే ఆ షెడ్డులో, ఇస్త్రీ చేసే వేడి రోలరుకు ఇవతల నిలబడి తడి దుప్పటి అంచులు సరిచేసి లోపలికి తోయడం ఆమె పని. అవతలి వైపు నుంచి వచ్చినదాన్ని అందుకుని మడత పెట్టేది వదిన. ఎవరు ఎవరికి వదినో ఇంతవరకూ తేలలేదు. నేను చిన్నంటే నేను చిన్నని ఇద్దరూ పద్దెనిమిదేళ్ళుగా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటున్నారు.

రోలరు హోరు మీద కూడా రేడియో మోగుతూనే ఉంటుంది. సూపర్‌వైజరు బొజ్జ సర్దుకుంటూ నడిచే నడక, హోటలు మేనేజరు మరకలను భూతద్దంలో వెతికే తీరు, అన్నీ ఆమె చేసి చూపిస్తుంది. ఒకసారి వదిన పగలబడి నవ్వుతూ ఇస్త్రీ అయిన దుప్పట్లు నాలుగు నేలపాలు చేసి చీవాట్లు తింది.

అలాంటి మనిషి ఇంటి గడప దాటగానే నోటికి తాళం వేసుకుంటుంది.

దానికి కారణం ఒక టీచరు. కూతురికి నాలుగేళ్ళప్పుడు బడికి పిలిపించి, పిల్ల మాటల్లో వెనకబడిందని, ఇంట్లో మీ భాష ఆపేసి ఇక్కడి భాషే మాట్లాడమని చెప్పింది. పరాయి దేశంలో టీచరు మాటంటే వేదవాక్కు. టాక్సీ నడిపే భర్తకు ఆ భాష గడగడా వచ్చు కాబట్టి అతనికి ఇబ్బంది లేకపోయింది. ఆమెకు వచ్చినవి గుప్పెడు ముక్కలు. తిను, పడుకో, చలి, జాగ్రత్త. ఆ గుప్పెడుతోనే పిల్లను పెంచింది. మొదట్లో పిల్ల తెలుగులో ఏదో అడుగుతూ కొంగు పట్టుకు లాగేది. వినబడనట్టు ఈమె గిన్నెలు తోముకునేది. పిల్ల కొన్నాళ్ళు ఏడ్చింది, తర్వాత అడగడం మానేసింది. అప్పుడు ఈమె స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఆ టీచరు రెండేళ్ళకే వేరే ఊరు వెళ్ళిపోయింది. పిల్ల అప్పటికే క్లాసులో అందరికంటే బాగా మాట్లాడుతోంది. ఇక చాలు, మీ భాష మళ్ళీ మొదలుపెట్టుకోండని వెళ్ళేముందు ఆవిడ చెప్పలేదు. చెప్తుందేమోనని వీళ్ళు చూశారు. అడగవచ్చని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అలా ఎదురుచూస్తుండగానే పిల్ల పెద్దదైపోయింది. నాలుగేళ్ళ క్రితం భర్త గుండె ఆగి పోయాక, ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య వినబడేది ఫ్రిజ్ చప్పుడే.

ఆ కూతురు కవిత్వం రాస్తుంది. ఒక సాయంత్రం వంటగదిలోకి వచ్చి, తన కవితకు బహుమతి వచ్చిందనీ, ఆ కవిత అమ్మ మీదేననీ, శనివారం లైబ్రరీలో చదువుతాననీ, రావాలనీ వేళ్ళతో సైగలు కలిపి చెప్పింది. ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. తన మీద రాసిందంటే తను ఏమిటో పిల్లకు తెలిసిందనేగా? నోరు మూసుకుని బతికినా, కడుపున పుట్టింది కనుక పసిగట్టేసిందనుకుంది. వారమంతా లాండ్రీలో అదే ఊసు. ఏం రాసి ఉంటుందో చెప్పమని వదినను పీక్కుతింది. నీ వాగుడు గురించే అయితే బహుమతి కాదు, పుస్తకమే వేయాలని వదిన ఏడిపించింది.

శనివారం ఇద్దరూ ముందు వరుసలో కూర్చున్నారు. ఆ భాష బాగా వచ్చిన వదిన చెవిలో తెలుగు చేసి చెప్తూ వచ్చింది. మొదటి లైనుకే వదిన గొంతు తగ్గిపోయింది.

కవితలో అమ్మకు మాటలు లేవు. సముద్రం దాటుతున్నప్పుడు మాటలన్నీ నీళ్ళలో జారవిడుచుకుంది. రోజూ సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి, పోగొట్టుకున్న దేశం వైపు చూస్తుంది. ఆ మౌనమే నా మాతృభాష అని కవిత ముగిసింది.

హాల్లో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. ఆమె మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరో తెలియని మనిషి చావుకబురు విన్నట్టు కూర్చుంది. అంతలో సభ నడుపుతున్న పెద్దమనిషి, అమ్మగారు రెండు మాటలు మాట్లాడాలనీ, సొంత భాషలోనే మాట్లాడవచ్చనీ, అమ్మాయి అర్థం చెప్తుందనీ మైకు తెచ్చి చేతిలో పెట్టాడు. సొంత భాషలో మాట్లాడమని ఆమెతో ఆ దేశంలో ఒకరు అనడం అదే మొదటిసారి.

ఆమె లేచి కూతురి వైపు తిరిగింది.

"నా మాటలేం సముద్రంలో పడలేదే. నేను వచ్చింది విమానంలో. దారిపొడుగునా మీ నాన్న బుర్ర తినేశాను, కావాలంటే ఆయన్నే అడిగేదానివి, ఇప్పుడు లేడు. కిటికీలోంచి నేను ఏ దేశాన్నీ చూడలేదు తల్లీ. నువ్వు బస్సు దిగావా లేదా అని చూసేదాన్ని. చిన్నప్పుడు నువ్వు తెలుగులో అడుగుతుంటే పలక్కుండా ఉన్నాను చూడు, అది నా తప్పు. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను. నాకు బోలెడు మాటలున్నాయి. ఎవరెవరికో చెప్పి నవ్వించాను. నీకే చెప్పలేదు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు కళ్ళు పెద్దవి చేసి, అమ్మ పెదాలనే చూస్తూ నిలబడింది. అంతసేపు అమ్మ మాట్లాడగలదని ఆ పిల్లకు తెలియదు. నాన్న, బస్సు అన్నప్పుడు మాత్రం తల ఊపింది. తర్వాత మైకు అందుకుని జనం వైపు తిరిగి ఒక్క చిన్న వాక్యం చెప్పింది. చప్పట్లు మోగాయి.

బయట మెట్ల దగ్గర, పిల్ల ఎవరితోనో ఫొటో దిగుతుండగా వదిన ఆగలేకపోయింది.

"నేను చెప్తాను వదినా దానికి. మొత్తం చెప్తాను. ఇంకా ఎన్నాళ్ళు?"

"ఇవాళ వద్దు. నువ్వు రాసిందంతా తప్పని బహుమతి తీసుకున్న రోజే ఎలా చెప్తాం? మొహం చూడు, ఎలా వెలిగిపోతోందో."

ఇంకో రోజు చెప్దామా అని వదిన అడిగింది. ఇంకో రోజంటే ఎప్పుడో తల్లికీ తెలియదు.

కూతురు గబగబా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. లోపల ఏం చెప్పావని ఆ భాషలో, చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. అడుగుతున్నప్పుడు ఆ పిల్ల మొహంలో కాస్త సిగ్గు, కాస్త భయం కనిపించాయి. తల్లి నోరు తెరిచింది. బస్సు అనే మాట ఆ భాషలో ఆమెకు వచ్చు. చూశాను అనేదీ వచ్చు. మిగిలినదానికి మాటలు లేవు. ఎంత వెతికినా దొరకలేదు.

"థాంక్స్ చెప్పాను," అంది.

కూతురు గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"హమ్మయ్య. వాళ్ళకు నేనూ అదే చెప్పాను."