అంచుదాకా పోసిన టీ

మధ్యాహ్నం బస్సుకు వస్తుందనుకున్న అత్తగారు కాలిపా పొద్దున బస్సుకే దిగింది. అప్పటికి జిపార్ ఇంకా గుడ్లూ పంచదారా గిలక్కొడుతూనే ఉంది. పిండి చేతులతోనే ఎదురెళ్ళి లోపలికి పిలిచింది. చూపు మాత్రం ఆవిడ వెనక నిలబడ్డ ఏడేళ్ళ బేగిమాయ్ మీదా, ఆవిడ చేతిలోని బట్టల సంచి మీదా ఉంది.

సంచి తెచ్చిందంటే పిల్లను వదిలి వెళ్ళాలనే వచ్చింది.

బేగిమాయ్‌ని కన్నది జిపారే. తొలిచూలు బిడ్డ కాబట్టి, పాలు మాన్పించగానే కాలిపా కొండమీది ఊరికి తీసుకుపోయి తన బిడ్డగా పెంచుకుంది. అక్కడ అందరిళ్ళలోనూ జరిగేదే. పిల్లకు అమ్మంటే నాయనమ్మ. కన్నతల్లి వదిన. ఇప్పుడు పిల్లలు చాలక ఆ ఊళ్ళో బడి మూసేశారు. కారాకోల్ పట్నంలో మా దగ్గరుంచి చదివిస్తామని జిపార్ భర్త మిర్బెక్ తల్లిని అడిగాడు. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. "వచ్చి చూస్తాను" అంది.

అందుకే ఈ ఆపిల్ కేకు. ఊళ్ళో కాలిపా పొయ్యిలో రొట్టె కాలుతుంది గానీ, కేకు పొంగదు.

"వదినా, నేను కలపనా?"

"ఆపిల్ ముక్కలు నువ్వు వెయ్యి. నొక్కకు, మెల్లగా జారవిడు."

ఒక ముక్క పిండిలోకి, ఒక ముక్క నోట్లోకి.

"కేక్కేమైనా మిగులుస్తావా?"

"మా మిర్బెక్ పోలికలే" అంది కాలిపా కిటికీ పక్కనుంచి. "వాడూ ఇంతే, పాలమీద మీగడ నిలవనిచ్చేవాడు కాదు."

జిపార్ కేకును ఓవెన్‌లో పెట్టింది. "తలుపు తియ్యకేం. చల్లగాలి తగిలితే కూలిపోతుంది" అని చెప్పి, జామ్ సీసా కోసం కొట్టుగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఓవెన్ తలుపు తెరిచి ఉంది. కేకు నడుమ గుంట పడింది.

తిట్టబోయి ఆగింది. తల్లైతే తిడుతుంది, వదినెలా తిడుతుంది?

"పోన్లే. పొంగకపోయినా తియ్యగానే ఉంటుంది."

"నేనైతే చెవి మెలిపెట్టేదాన్ని" అంది కాలిపా. మెచ్చుకుందో దెప్పిందో జిపార్‌కు తెలియలేదు.

టీ దగ్గర కూర్చున్నారు. జిపార్ గిన్నెలో అడుగున కొంచెం పోసి ఇవ్వడం, అత్తగారు తాగి తిరిగివ్వడం, మళ్ళీ కొంచెం పోయడం. అలా పోసినంతసేపూ కూర్చోండని చెప్పినట్టే.

"నిద్దట్లో దుప్పటి తన్నేస్తుంది. చూసి కప్పాలి."

"కప్పుతాను అత్తయ్యా."

"పచ్చిపాలు పడవు. కాచి ఇవ్వాలి."

"అలాగే."

ఒక్కో మాటకూ కాలిపా కాలితో సంచిని కొంచెం కొంచెం కోడలి వైపు జరుపుతోంది. జిపార్ కళ్ళు సంచి మీదే ఉన్నాయి. టీ పోస్తోంది.

"అమ్మా!" అంది బేగిమాయ్, నోటినిండా కేకుతో.

"ఏం తల్లీ?" జిపార్ చటుక్కున తిరిగింది.

పిల్ల తెల్లబోయి చూసింది. "నిన్ను కాదు వదినా. అమ్మని."

టీ గిన్నె అంచు దాటి బల్లగుడ్డ మీదికి పారింది.

నిండిన గిన్నెకు ఒకటే అర్థం. తాగి బయల్దేరండి.

"అయ్యో, చూసుకోలేదు అత్తయ్యా, ఇటివ్వండి..."

కాలిపా గిన్నె తన వైపు లాక్కుంది. "చెయ్యి ఊరికే జారదే అమ్మాయ్."

ఆ గొంతులో కోపం లేదు. మునిగేవాళ్ళకు గట్టు దొరికినట్టుంది. జిపార్‌ను భయపెట్టింది అదే. ఆవిడ ఆగకుండా అడుగుదాకా తాగి, గిన్నె బోర్లించి లేచింది.

"పిల్ల కావాలి, ముసలిది పోవాలి. నాకు తెలీదా? పద, బేగిమాయ్."

"అత్తయ్యా, మరి బడి..."

"వచ్చే ఏడు చూద్దాం." సంచిని గుండెలకు హత్తుకుంది.

గుమ్మం దగ్గర జిపార్ కాగితంలో చుట్టిన కేకు ముక్క పిల్ల చేతిలో పెట్టింది.

"మళ్ళీ వస్తే చేస్తావా వదినా? ఈసారి తలుపు తియ్యను."

"చేస్తాను."

సాయంత్రం మిర్బెక్ వస్తూనే "పిల్లేది?" అన్నాడు. జిపార్ బల్లవైపు చూపించింది. అతను బోర్లించిన గిన్నెనూ, దాని చుట్టూ ఆరిన మరకనూ చూసి బల్ల దగ్గర కూలబడ్డాడు.

"అంచుదాకా పోశావా?" అన్నాడు.