చల్లటి ఇంజను

మెకానిక్ బానెట్ దించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నంతసేపూ ఆమె బండి చుట్టూ తిరుగుతూనే ఉంది. నోరు తెరిస్తే ఎవరి మీద విరుచుకుపడుతుందో ఆమెకే తెలియదు. బడిపిల్లల్ని దింపి తీసుకురావడం ఆమె బతుకుతెరువు. ఆ పొద్దున వంతెన నడిమధ్యలో, నలుగురు పిల్లలు లోపల ఉండగా బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే ఒక్కొక్కరినే దించి రెయిలింగు పక్కన నిలబెట్టింది. అందరిలోకీ చిన్నది ఆమె వేలు పట్టుకుని బడి గేటు దాకా వదల్లేదు.

"ఇంజను లోపల టైమింగ్ చెయిన్ సాగిపోయిందక్కా" అన్నాడు మెకానిక్. "ఈ రకం చిన్న ఎస్‌యూవీలకి ఇది మామూలు జబ్బే. వేళకి ఆయిలు మార్చకపోతే వస్తుంది. ఇంకొంచెం జారిందంటే ఇంజను మొత్తం పోతుంది. గేర్‌బాక్స్ ఆయిలు కూడా మాడిపోయింది. కింద చక్రాల దగ్గర రబ్బరు బుష్షులు అరిగిపోయిన సంగతి చెప్పనే అక్కర్లేదు."

"ఎంతవుతుంది?"

చెప్పాడు. బండి కొన్న ధరలో సగానికి సగం. కొన్నప్పుడే ఆమె ఉన్నదంతా ఊడ్చి పెట్టింది.

"ఇది నిన్న మొన్న వచ్చింది కాదక్కా. చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే గలగలమంటుంది, కాసేపు నడిస్తే అణిగిపోతుంది. కొనేముందు వినలేదా?"

వినలేదు. ఊళ్లో ఎవరు వినకపోయినా ఆమె వినాల్సింది. ఎందుకంటే ఆమె పుట్టి పెరిగిందే పాత కార్ల యార్డులో. బేరం వచ్చిన రోజున నాన్న పొద్దున్నే లేచి, అమ్మబోయే బండిని ఊరంతా ఒక చుట్టు తిప్పి తెచ్చి పెట్టేవాడు. ముందు సీట్లో ఆమె, వెనక అన్నయ్య. "చల్లటి ఇంజను నిజం చెబుతుందిరా, దాన్ని ఎవరికీ చూపించకూడదు" అని నవ్వేవాడు. ఆ విద్యలో అన్నయ్య నాన్నను మించిపోయాడు. ఇప్పుడు యార్డు వాడిదే.

ఈ బండి అమ్మింది ఆ అన్నయ్యే. తాళాలిచ్చిన రోజున ఆమె అలవాటు కొద్దీ బానెట్ మీద చెయ్యి వేసింది. వేడిగా ఉంది. వేరే ఏ యార్డులోనైనా ఆ వేడి తగిలితే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది. కానీ అన్నయ్య కదా, తన కోసం కడిగించి, నడిపి సిద్ధం చేశాడనుకుని మురిసిపోయింది. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయంటారు, అది ఇదే. మర్నాడు పొద్దున బండి గలగలమంటే ఫోన్ చేసింది. "ఏళ్లొచ్చిన బండి కదే, లేవగానే కాస్త దగ్గుతుంది" అన్నాడు. అదీ నమ్మింది.

మెకానిక్ ఎలాగో స్టార్ట్ చేసిచ్చిన బండిని మెల్లగా నడుపుకుంటూ నేరుగా యార్డుకు వెళ్లింది. అన్నయ్య టీ తాగుతున్నాడు.

"చెయిన్ సంగతి నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"పాత బండి అన్నాక ఏదో ఒకటి ఉంటుంది బుజ్జీ."

"పిల్లలున్నారు లోపల, అన్నయ్యా. వంతెన మీద ఆగిపోయింది."

"ఏం కాలేదుగా" అన్నాడు వాడు. ఆ మాటకు ఆమెకు ఒళ్లు భగ్గున మండింది. టీ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. వాడు మాత్రం తాపీగా గ్లాసు పక్కన పెట్టాడు. "సరే, నీ డబ్బు నీకొచ్చేస్తుంది. బండి ఇక్కడే వదిలి వెళ్లు. రేపు పొద్దున ఒకావిడ వస్తుంది, మందుల షాపు ఆవిడ. ఆవిణ్ణి నేను వెంటబెట్టుకొస్తాను. ఈలోగా నువ్వొచ్చి బండి వేడి చేసి ఉంచు. మా చెల్లెలి బండి అని చెబుతాను, పక్కన నిలబడి తలూపితే చాలు."

అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో వడ్డించేవాళ్లను చూశాం. అందరికీ ఒకే విషం వడ్డించేవాణ్ణి ఆమె అప్పుడే చూసింది. అయినా బండి అక్కడే వదిలి, తాళం తీసుకుని ఇంటికి వచ్చింది. డబ్బు చేతికొస్తే ఇంకో బండి కొనుక్కోవచ్చు. లేకపోతే పిల్లల తల్లిదండ్రులు ఇంకో డ్రైవర్ను చూసుకుంటారు. ఆ మాట వాళ్లు అప్పుడే అనేశారు కూడా.

మర్నాడు పొద్దున్నే వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుంది. తాళం పెట్టింది. తిప్పితే చాలు, ఈ బండి పీడ వదిలిపోతుంది. తన చెయ్యి తాళాన్ని వదలకపోవడం చూసి, ఆమెకు అన్నయ్య మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం పుట్టింది. గేటు చప్పుడయ్యేదాకా అలాగే కూర్చుంది.

మందుల షాపు ఆవిడ వెంట ఐదారేళ్ల కూతురు ఉంది. ఆ పిల్ల వస్తూనే వెనక తలుపు తెరిచి సీటెక్కి కూర్చుంది.

"సొంత చెల్లెలు బడిపిల్లల్ని తిప్పిన బండండీ" అంటున్నాడు అన్నయ్య. "ఇంతకు మించిన నమ్మకం ఏం కావాలి?"

ఆమె కిందికి దిగింది. "పాపను దించండి" అంది ఆవిడతో. "బానెట్ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి."

"చల్లగా ఉంది."

"ఇప్పుడు వినండి."

లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు ఇంజను గలగలమంది. పాప చెవులు మూసుకుంది.

"మీరు ఈయన చెల్లెలేనా?" అంది ఆవిడ.

"అవునండీ, అందులో అబద్ధం లేదు. ఈ బండి నాకు అమ్మింది కూడా ఈయనే."

ఆవిడ వెనక్కి తిరిగింది. పాప చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది.

అన్నయ్య బండికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "పైసా కూడా రాదు నీకు. ఇంటి గుట్టు బజారున పెట్టావు. నాన్న ఉంటే నిన్ను గడప తొక్కనిచ్చేవాడా?"

"నాన్నయినా ఈ బండి నాకు అమ్మేవాడు కాదు అన్నయ్యా" అంది ఆమె సీట్లో కూర్చుంటూ. వాడు బానెట్ మీద చెయ్యి ఆనించి కదలకుండా నిలబడ్డాడు. అప్పటికి ఇంజను కాస్త వేడెక్కి, చప్పుడు అణిగిపోయింది. ఎవరైనా చూస్తే బంగారం లాంటి బండి అనుకుంటారు.

"చెయ్యి తియ్యి" అంది. ఊహ తెలిసినప్పటి నుంచి వాణ్ణి అన్నయ్యా అనకుండా ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.