పొడి గుడ్డ బరువు

అనుగ్రహ పరిశోధిస్తున్న నక్షత్రానికి పేరు లేదు, నంబరే ఉంది. ఢిల్లీ నుంచి కనబడదు. సూర్యుడికి వందరెట్లు బరువు, నిలకడ మాత్రం సున్నా. ఎప్పుడో ఒకసారి ఒంట్లోని వాయువునూ ధూళినీ ఒక్క ఊపున బయటికి కక్కేసింది. అంతా అయ్యాక చావలేదు కూడా. ఆ కక్కింది ఎంతో తేల్చడానికి కటవారియా సరాయ్‌లోని కిటికీ లేని గదిలో అనుగ్రహకు నాలుగేళ్లు పట్టింది.

నలభై సూర్యుళ్లంత అని తేలింది. ఒక్క విడతలో ఇంత కక్కిన నక్షత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. పీహెచ్‌డీ గైడ్ ఆమె ముందు మొదటిసారి నవ్వాడు. సోమవారం కమిటీ ముందు ఈ అంకె పెడితే ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేకపోతే చదువు అక్కడితో సరి.

కమిటీ ఇంకా వినలేదు గానీ ఢిల్లీ ద్వారకలోని తెలుగు క్రైస్తవ సంఘం అప్పుడే వినేసింది. అనుగ్రహ తల్లి సరళకుమారి ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. మంచి కబురు కడుపులో దాచుకునే మనిషి కాదు. పాస్టర్ నోవహు గారికి చెప్పి, ఆదివారం కూతురి సాక్ష్యం ఉందని పేరు రాయించేసింది. ఆ సంఘంలో వీసా వచ్చినా, మోకాలి నొప్పి తగ్గినా లేచి సాక్ష్యం చెప్పాల్సిందే. నక్షత్రం కక్కడం మాత్రం ఇదే మొదలు.

శనివారం మధ్యాహ్నం అనుగ్రహ ఇంటికి వచ్చింది. సరళకుమారి గోంగూర వలుస్తూ కూర్చుంది.

"నలభై అని ఎలా తెలిసిందే?"

"ఆ గ్యాస్ గ్లో అవుతుంది మమ్మీ. ఆ వెలుగు బట్టి వెయిట్ కడతాం. బస్."

"మరి పొడి గుడ్డ తీసేశావా?"

"క్యా?"

"ఆపరేషన్‌లో రక్తం ఎంత పోయిందో చూడ్డానికి తడిసిన గుడ్డలు తూకం వేస్తాం. అందులోంచి పొడి గుడ్డ బరువు తీసెయ్యాలి. లేకపోతే గుడ్డ కూడా రక్తం లెక్కలోకే పోద్ది. నీ నక్షత్రం కక్కక ముందు అక్కడ ఏవీ లేదా?"

ఉంది. అంతకుముందు వేల ఏళ్లుగా అదే నక్షత్రం కొద్దికొద్దిగా విదిల్చిన వాయువు అక్కడే ఉంది. ఎంతో ఉండదులే అని రెండో ఏడాదిలో దానికి సున్నా వేసి, ఆ సున్నా సంగతే మరిచిపోయింది అనుగ్రహ. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. టీ వేళకు నలభై కాస్తా పదకొండయింది. పదకొండని పదేళ్ల కిందటే ఎవరో చెప్పేశారు.

అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. గైడ్ అడగలేదు, కమిటీ అడగదు. గోంగూర వలిచే మనిషికెందుకీ ఆరా?

"ఎవరూ చూడరు మమ్మీ. ఎక్స్‌టెన్షన్ వచ్చాక ఠీక్ కర్ దూంగీ, సరిచేసేస్తాను."

సరళకుమారి వలిచిన ఆకులన్నీ గిన్నెలోకి ఎత్తింది.

"నీ ఇష్టం," అంది.

ఆదివారం అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో ఆరాధన. ఒక వీసా, రెండు ప్రమోషన్ల తర్వాత నోవహు గారు అనుగ్రహను పిలిచారు. నలభై అని చెప్పేద్దామనే లేచింది. మైకు అందుకుని చూస్తే, ముందు వరుసలో అమ్మ తల దించుకుని కూర్చుని ఉంది.

"ప్రైజ్ ద లార్డ్. నా లెక్క తప్పు. ఫార్టీ కాదు, లెవెన్. నేను కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. రేపు కమిటీలో ఇదే చెప్తాను. బహుశా ఎక్స్‌టెన్షన్ రాదు."

"ఆమేన్," అంది సంఘం అలవాటు కొద్దీ.

"ఇంకెవరైనా?" అన్నారు నోవహు గారు.

సరళకుమారి లేచింది. కూతురి చేతిలోని మైకు తీసుకుంది.

"ఇరవై ఆరేళ్ల కిందట నేను పొడి గుడ్డ బరువు తియ్యలేదు. రక్తం చాలా పోయిందనుకుని ఒక బాలింతకి అక్కర్లేని రక్తం బాటిల్ ఎక్కించారు. రియాక్షన్ వచ్చింది. పదిరోజులు ఐసీయూలో ఉంది. బతికింది. మా ఖర్మ అన్నారు వాళ్లవాళ్లు. నేను నోరు విప్పలేదు. ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు."

ఆమేన్ అనాలో వద్దో సంఘానికి పాలుపోలేదు. నోవహు గారు బైబిల్ తెరిచి, మళ్లీ మూశారు.  అనుగ్రహ అమ్మ చేతులు పట్టుకుని పక్కనే నిలబడింది. రేపటి కమిటీ సంగతి ఆ కాసేపు ఎవరికీ గుర్తు లేదు, తనకు కూడా.