సముద్రం తినే దారం

మా రేవులో నైలాను వలకు చావు లేదు. మా తాత మీసాలు రాకముందు పోగొట్టుకున్న వల ఇంకా వేటాడుతూనే ఉందనీ, అందులో కుళ్లిన చేపల్ని తినడానికొచ్చి కొత్త చేపలు పడుతున్నాయనీ, మొత్తమ్మీద తాత కంటే ఆ వలే ఎక్కువ పట్టిందనీ చెబితే నవ్వుతారు. నవ్వండి. తాత సంగతి అటుంచి, వల సంగతి మాత్రం నిజం.

అందుకే కొత్త దారం రాగానే ముందుగా కొన్నది మా పడవ నడిపే సరంగు. అదీ మిల్లులో పుట్టిందే గానీ, కొన్నాళ్లు నీళ్లలో నానితే కంటికి కనపడని పురుగులు తినేస్తాయి. మంచి దారం. దానిమీద నాకీరోజుకీ కోపం లేదు.

కోపమల్లా మా అలవాటు మీదే. ఇక్కడ పాత వలను ఎవరూ పారెయ్యరు. ఆడవాళ్లు విప్పి, పోగులు కలిపి తాళ్లు పేనుతారు. నైలాను తాడైతే ఏనుగును కట్టినా ఆగుతుంది. సరంగు భార్య కొత్త రకం వల పాతబడగానే దాన్నీ అలాగే పేనింది; ఆవిణ్ణి చూసి రేవులో మిగతా ఆడవాళ్లూ పేనారు. తాడు తెల్లగా, నున్నగా, చూపుకు భేషుగ్గా ఉంది.

ఆ రోజు నడిసముద్రంలో ఎవరి తాతదో నైలాను వల పడవ పంకాకు చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. గాలి లేస్తోంది. కిందికి దిగి ఆ వల కొయ్యడానికి సరంగు అల్లుడు ఆ తెల్ల తాడు నడుముకు కట్టించుకుని, కత్తి పట్టుకున్నాడు.

"మామా, గట్టిగా పట్టుకో. నేను పోతే మీ అమ్మాయి తిట్లన్నీ నువ్వే పడాలి."

"వాగుడాపి ఊపిరి పట్టరా. తాడు గుంజు, లాగేస్తా."

అల్లుడు మునిగాడు. కాసేపటికి కిందనుంచి తాడు గుంజాడు. సరంగు లాగాడు. కదల్లేదు. నేనూ, ఇంజను చూసేవాడూ చేతులు వేశాం. ఉన్నట్టుండి ముగ్గురం వెల్లకిలా పడ్డాం. తాడు కొస తెగినట్టు లేదు, తడిసిన దూదిలా విడిపోయి ఉంది.

సరంగు దూకాడు. అల్లుడి కాళ్లకు చుట్టుకున్న వల కోసి పైకి తెచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. సరంగు మిగిలిన తాడంతా చుట్టి నీళ్లలోకి విసిరేశాడు.

ఒడ్డున సరంగు భార్య అడిగింది. "తాడు గట్టిదే కదయ్యా? నా చేత్తో పేనానే!"

"తాడు గట్టిదే. ముడి జారింది. నేనే సరిగ్గా వెయ్యలేదు."

"ముడెయ్యడం కూడా రాదా నాన్నా?" అంది కూతురు. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

తాడు పేనిన సరంగు భార్య ఇప్పుడు లేదు కాబట్టి చెబుతున్నాను. మర్నాడు సరంగు కత్తి పట్టుకుని ప్రతి పడవా ఎక్కి, తెల్ల తాళ్లన్నీ కోసేశాడు. ఎందుకో చెప్పలేదు. మతి పోయిందన్నారు జనం. నేనూ, ఇంజను చూసేవాడూ చెరో కత్తీ తీసుకుని ఆయన వెనకే నడిచాం.